న్యూయార్క్ ఎలుక హన్మకొండ మనిషికి ఏం చెబుతుంది?

హన్మకొండలో హెచ్‌ఐవీ ఉన్న ఒక మనిషిని ఊహించుకోండి. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ కనబడలేదని వచ్చింది. రోగనిరోధక శక్తికి కొలతైన సీడీ4 కణాల లెక్క బాగుంది. బరువు పెరిగింది, జ్వరాలు లేవు, పత్తి చేనులో పని మామూలుగానే సాగుతోంది. అయినా ఎరువుల దుకాణం ముందు నిలబడి ఏం కొనడానికి వచ్చాడో గుర్తు చేసుకోవలసి వస్తోంది. ఒకప్పుడు నోటితోనే కట్టిన మిత్తి లెక్క ఇప్పుడు కాగితం మీద కూడా తేలడం లేదు. హెచ్‌ఐవీకి మందులిచ్చే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఏఆర్‌టీ కేంద్రం లాంటి చోట్ల ఇప్పుడు ఏళ్ల తరబడి మందులు వాడుతూ యాభై దాటినవారు కనబడతారు. వారిలో ఎవరైనా ఇలా చెబితే "వయసు మీద పడుతోంది" అని సర్దిచెప్పడం తేలిక. కొన్నిసార్లు అది నిజం కూడా. కానీ అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. రక్తంలో కనబడని వైరస్ మెదడులో ఉండవచ్చా? ఉంటే అక్కడ ఏం చేస్తోంది?

రక్తపరీక్ష రక్తం సంగతే చెబుతుంది. బతికున్న మనిషి మెదడులోంచి ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టే వీలు లేదు. వెన్నులోంచి తీసే నీరు కొంత చెబుతుంది, ఎంఆర్‌ఐ ఇంకొంత చెబుతుంది. రెండూ కణం దాకా వెళ్లలేవు. అందుకే దాదాపు నలభై ఏళ్లుగా పరిశోధకులు మెదడుకు బదులు మరొకదాన్ని ముందు పెట్టుకుని పని చేస్తున్నారు. పళ్లెంలో పెంచిన కణాలు, జన్యువులు మార్చిన ఎలుకలు, కోతులు, ఇటీవలి కాలంలో ఏ కణంగానైనా మారగల మూలకణాల నుంచి పెంచిన మూడు నాలుగు మిల్లీమీటర్ల మెదడు కణజాలం. వీటినే ప్రయోగశాల నమూనాలు అంటున్నాం. హెచ్‌ఐవీ వల్ల వచ్చే మతిమరుపునకు మందు దొరికిందని ఎక్కడైనా వార్త వస్తే దాని వెనుక సాధారణంగా వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. అది ఏ నమూనా అన్నది మాత్రం వార్తలో ఉండదు. నన్నడిగితే అసలు వార్త అదే.

ముందు వైరస్ మెదడుకు చేరే దారి చూద్దాం. మెదడులోని రక్తనాళాల గోడల్లో కణాలు ఒకదానికొకటి చాలా గట్టిగా అతుక్కుని ఉంటాయి. రక్తంలో తిరిగే ప్రతిదాన్నీ అవి లోపలికి రానివ్వవు. మందులలో కూడా కొన్ని ఆ గోడ దగ్గరే ఆగిపోతాయి. కానీ రోగనిరోధక కణాలకు అక్కడ రాకపోకలు ఉన్నాయి. హెచ్‌ఐవీ సోకిన మోనోసైట్లు, సీడీ4 కణాలు ఆ దారినే లోపలికి వెళతాయి, వాటి లోపల వైరస్ కూడా వెళుతుంది. ఇదంతా జబ్బు ముదిరాక జరిగేది అనుకుంటే పొరపాటు. సోకిన తొలి వారాల్లోనే జరిగిపోతుంది. లోపలికి చేరిన వైరస్ రక్తనాళాల చుట్టూ ఉండి క్రిములను మింగే మాక్రోఫేజ్‌లలో, మెదడుకు కాపలాగా ఉండే మైక్రోగ్లియా కణాల్లో స్థిరపడుతుంది.

మెదడులో సంకేతాలు మోసే కణాలైన న్యూరాన్ల జోలికి మాత్రం వెళ్లదు. చాలామందికి ఇది ఆశ్చర్యం కలిగించే విషయం. న్యూరాన్ పైన సీడీ4 అనే ద్వారం లేదు, కాబట్టి హెచ్‌ఐవీ దానిలో పెరగలేదు. అయినా దెబ్బతినేది న్యూరానే. సోకిన మైక్రోగ్లియా జీపీ120, టాట్ అనే వైరస్ ప్రొటీన్లను బయటికి వదులుతుంది, వాపు పుట్టించే రసాయనాలను విడుదల చేస్తుంది, న్యూరాన్లను ఉత్తేజపరిచే గ్లూటమేట్ అనే రసాయనం పేరుకునేలా చేస్తుంది. ఆ పరిసరాల్లో బతకవలసి వచ్చిన న్యూరాన్ కొమ్మలు చిక్కిపోతాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సినాప్సులు తగ్గుతాయి. న్యూరాన్లకు తోడుండే ఆస్ట్రోసైట్లలో వైరస్ నిజంగా కాపురం పెడుతుందా అన్నది ఇప్పటికీ తెగని వాదం. ఏ నమూనాతో చూశారన్న దాన్ని బట్టి జవాబు మారుతోంది.

నమూనా కట్టే ముందు దేన్ని అనుకరించాలో తెలియాలి. అదే మారిపోయింది. 1996లో మూడు మందుల కలయిక రాకముందు ఎయిడ్స్ ముదిరినవారిలో తీవ్రమైన డిమెన్షియా తరచుగా కనిపించేది. నడక తడబడి, మాట తగ్గి, కొన్ని నెలల్లో మంచం పట్టేవారు. ఆ తర్వాత దృశ్యం మారింది. 2007లో నిపుణులు ఈ లోపాలను మూడు మెట్లుగా విభజించారు. పరీక్షలో తేలేదే తప్ప రోజువారీ పనికి అడ్డురానిది మొదటిది, పనికి కొంత అడ్డు వచ్చేది రెండోది, డిమెన్షియా మూడోది. అమెరికాలో 1,500 మందికి పైగా వ్యక్తులను పరీక్షించిన చార్టర్ అధ్యయనం 2010లో ప్రకటించిన ఫలితాల్లో దాదాపు సగం మందిలో ఏదో ఒక లోపం కనిపించింది, డిమెన్షియా మాత్రం 2 శాతం మందిలోనే. మొదటి మెట్టు మీద ఉన్నవారే ఎక్కువ. ఆ మెట్టు నిజంగా జబ్బా, లేక పరీక్షలకు మార్కులు వేసే పద్ధతి వల్ల పుట్టిన అంకెనా అన్న అనుమానం కూడా అప్పటి నుంచే ఉంది. మార్కులు తక్కువ వచ్చినంత మాత్రాన హెచ్‌ఐవీ మెదడును పాడుచేసిందని ముద్ర వేయవద్దని 2023లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. మొత్తానికి పాత నమూనాలు చాలావరకు న్యూరాన్లు చచ్చిపోయే జబ్బును చూసి కట్టినవి. ఇప్పుడు మన ముందున్నది మందుల మాటున మెల్లగా సాగే మసకబారడం.

ఈ తేడా పళ్లెం దగ్గరే బయటపడుతుంది. హెచ్‌ఐవీని పెంచాలంటే కట్టుదిట్టమైన బీఎస్‌ఎల్-3 ప్రయోగశాల కావాలి, అలాంటివి దేశంలో కొన్నే ఉన్నాయి. వైరస్‌లోని ఒక్క ప్రొటీన్‌తో పని అయితే ఆ బాధ లేదు. టాట్ ప్రొటీన్‌ను విడిగా తయారుచేసి అమ్ముతారు, అది ఎవరికీ సోకదు. హన్మకొండలో ఒక ఎమ్మెస్సీ విద్యార్థి కూడా చేయగల ప్రయోగం ఇది. పుణెలోని జాతీయ కణశాస్త్ర కేంద్రం నుంచి ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అనే కణాలను తెప్పించుకుని, 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే పెట్టెలో, గులాబీరంగు పోషక ద్రావణంలో పెంచుతారు. 96 గుంటలున్న ప్లాస్టిక్ పలకలో వాటిని సమంగా పంచుతారు. కొన్ని గుంటల్లో టాట్ వేస్తారు, కొన్నిటిని అలాగే వదిలేస్తారు. ఒకటి రెండు రోజులు పోయాక ఎంటీటీ అనే పసుపు రసాయనం కలుపుతారు. బతికున్న కణం దాన్ని ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తుంది, చచ్చిన కణం మార్చలేదు. స్ఫటికాలను కరిగించి రంగు ఎంత చిక్కగా ఉందో యంత్రంతో కొలుస్తారు. టాట్ వేసిన గుంటలు వెలవెలపోతే ఆ ప్రొటీన్ కణాలను చంపిందని థీసిస్‌లో రాస్తారు.

రాసింది అబద్ధం కాదు. కాకపోతే ఆ కణాలు 1970లో నాలుగేళ్ల పాపకు వచ్చిన న్యూరోబ్లాస్టోమా అనే కాన్సర్ నుంచి వచ్చినవి. అవి విభజన చెందుతూనే ఉంటాయి, మన మెదడులోని న్యూరాన్ ఆ పని చేయదు. పలకలో వేసే టాట్ మోతాదు సాధారణంగా మనిషి వెన్నునీటిలో దొరికే దానికన్నా చాలా ఎక్కువ. వీటన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఒకటి ఉంది. ఎంటీటీ చావును కొలుస్తుంది. మనిషిలో ఆలోచనా శక్తి తగ్గడంతో ఎక్కువగా ముడిపడినది న్యూరాన్ల చావు కన్నా వాటి కొమ్మలు, సినాప్సులు తగ్గడమేనని మరణానంతరం మెదళ్లను పరీక్షించినవారు చూపించారు. కొమ్మలు పోయిన న్యూరాన్ ఎంటీటీకి ఆరోగ్యంగానే కనబడుతుంది, పలకలో చక్కటి ఊదారంగే వస్తుంది.

పళ్లెం అన్ని ప్రశ్నలకూ పనికిరాదని దీనర్థం కాదు. హెచ్‌ఐవీ మందు ఎఫావిరెంజ్ సంగతి చూడండి. టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ కలిసిన మాత్రను మన దగ్గర చాలా ఏళ్లు రాత్రి పడుకునే ముందు వేసుకోమనేవారు. వేసుకున్నవారికి తల తిరగడం, విచిత్రమైన కలలు రావడం తెలిసిన విషయమే. 2012లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు పళ్లెంలో పెంచిన న్యూరాన్ల మీద ఆ మందును పరీక్షించారు. కాలేయం దాన్ని విరగ్గొట్టినప్పుడు వచ్చే ఒక పదార్థం చాలా తక్కువ మోతాదులోనే న్యూరాన్ కొమ్మల మీది ముళ్లలాంటి భాగాలను దెబ్బతీస్తోందని కనుగొన్నారు. ఫలానా రసాయనం న్యూరాన్‌కు హాని చేస్తుందా అన్న సూటి ప్రశ్నకు పళ్లెం సూటిగా జవాబిచ్చింది. తర్వాతి కాలంలో మన జాతీయ కార్యక్రమం డోల్యుటెగ్రావిర్ అనే మరో మందుకు మారడానికి వేరే పెద్ద కారణాలున్నాయి. అయినా ఆ కలల బాధ తప్పింది చాలామందికి ఊరటే.

కాన్సర్ కణాలు వద్దనుకుంటే మనుషుల నుంచి తీసిన అసలు మైక్రోగ్లియా కావాలి. అది మెదడు శస్త్రచికిత్సల్లో తీసేసిన కణజాలం నుంచో, గర్భస్రావమైన పిండాల నుంచో రావాలి. దొరకడం కష్టం, దొరికినా ఎక్కువ రోజులు తమ తీరు మార్చుకోకుండా ఉండవు. ఈ చిక్కును విప్పింది జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా. మామూలు చర్మకణాన్ని మళ్లీ మూలకణంగా మార్చవచ్చని ఆయన 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో చూపించారు. 2012లో నోబెల్ వచ్చింది. ఆ మూలకణాల నుంచి న్యూరాన్లు, ఆస్ట్రోసైట్లు, మైక్రోగ్లియా విడివిడిగా పెంచి ఒకే పళ్లెంలో కలపవచ్చు. 2013లో వియన్నాలో మాడెలిన్ లాంకాస్టర్, యుర్గెన్ క్నోబ్లిక్ మూలకణాలు తమంతట తామే మెదడు పొరల్లా పేర్చుకునే ఆర్గనాయిడ్లను పెంచారు. హెచ్‌ఐవీ పరిశోధకులకు అప్పుడు ఒక తమాషా ఇబ్బంది ఎదురైంది. మైక్రోగ్లియా పుట్టుక మెదడులో జరగదు. పిండం తొలిదశలో పచ్చసొన సంచి నుంచి బయలుదేరి మెదడులోకి వలస వస్తాయి. కాబట్టి మెదడు కణాలు మాత్రమే ఉన్న ఆర్గనాయిడ్‌లో హెచ్‌ఐవీ కాపురం పెట్టడానికి చోటే ఉండదు. మైక్రోగ్లియాను విడిగా పెంచి తర్వాత చేర్చవలసి వచ్చింది. ఇంత చేసినా ఆ కణజాలం వయసు పుట్టని బిడ్డ మెదడు వయసే, యాభై ఏళ్ల మనిషి మెదడు అందులో లేదు.

పళ్లెం మరచిపోదు. మతిమరుపు చూడాలంటే నడిచి, వెతికి, దారి తప్పే ప్రాణి కావాలి. అక్కడ ఎలుక వస్తుంది, ఎలుకతో పాటు కొత్త తంటా వస్తుంది. హెచ్‌ఐవీ ఎలుకకు సోకదు. ఎలుక సీడీ4 ద్వారం ఈ వైరస్‌కు తెరుచుకోదు. ద్వారం మార్చి లోపలికి పంపినా, టాట్ తన పని చేయడానికి పట్టుకోవలసిన సైక్లిన్ టీ1 అనే ప్రొటీన్ ఎలుకలో కీలకమైన ఒక అమైనో ఆమ్లం తేడాతో ఉంటుంది, పట్టు దొరకదు. ఈ అడ్డంకిని దాటడానికి చేసిన ప్రయత్నాల చరిత్రే ఎలుక నమూనాల చరిత్ర.

ఒక పద్ధతి, వైరస్‌ను పక్కనపెట్టి దాని ఆయుధాన్ని మాత్రమే ఎలుకకు ఇవ్వడం. 1994లో ఆస్ట్రోసైట్లలో జీపీ120 తయారయ్యేలా జన్యువు చేర్చిన ఎలుకను పుట్టించారు. దాని మెదడులో న్యూరాన్ కొమ్మలు తగ్గాయి, అచ్చం రోగుల మెదళ్లలో చూసినట్టే. చాలా ఉపయోగపడిన ఎలుక అది. కానీ దొంగ ఇంట్లోకి ఎలా వచ్చాడు, ఎక్కడ దాక్కున్నాడు అన్నవి అది చెప్పదు. దొంగ చేతిలోని గడ్డపార నెత్తిన పడితే ఏమవుతుందో మాత్రమే చెబుతుంది. పైగా ఆ జీపీ120 సీఎక్స్‌సీఆర్4 అనే ద్వారాన్ని వాడే రకం వైరస్‌ది. మనుషుల మెదళ్లలో దొరికే వైరస్ ఎక్కువగా సీసీఆర్5ను వాడుతుంది. మనిషిలో వైరస్ ప్రధానంగా సోకేది మైక్రోగ్లియాకు అయితే, ఇక్కడ ప్రొటీన్ వచ్చేది ఆస్ట్రోసైట్ నుంచి.

టాట్ ఎలుక ఇంకాస్త తెలివైన ఏర్పాటు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ మేతలో కలిపితే మెదడులో టాట్ తయారవుతుంది, ఆపితే ఆగుతుంది. మందులు వాడుతున్నవారి విషయంలో ఈ ఎలుకకు ప్రాధాన్యం ఎక్కువ. మనం వాడే ఏఆర్‌టీ మందులు వైరస్ తన జన్యువులను కాపీ చేసుకోవడాన్ని, కొత్త కణంలో చేరడాన్ని, కొత్త వైరస్‌గా తయారుకావడాన్ని అడ్డుకుంటాయి. ఇప్పటికే కణం జన్యువుల్లో కలిసిపోయిన వైరస్ టాట్ లాంటి ప్రొటీన్‌ను తయారుచేయడాన్ని ఏ మందూ నేరుగా ఆపదు. అంటే రక్తంలో వైరస్ కనబడకపోయినా మెదడులో టాట్ ఊరుతూ ఉండవచ్చు. మొదట వేసుకున్న ప్రశ్నకు ఇది ఒక జవాబు కావచ్చు.

రెండో పద్ధతిలో వైరస్‌నే మార్చారు. 2005లో హెచ్‌ఐవీ పైతొడుగును తీసేసి ఎలుకలకు సోకే ల్యుకేమియా వైరస్ తొడుగు పెట్టారు. దాని పేరు ఎకోహెచ్‌ఐవీ. ఎలుకలకు సోకుతుంది, మనుషులకు సోకదు, కాబట్టి ప్రయోగశాలలో భయం తక్కువ. ఈ ఎలుకలు చిక్కి శల్యం కావు. వాటి రోగనిరోధక శక్తి వైరస్‌ను అదుపులో పెడుతుంది, అయినా వైరస్ తక్కువ స్థాయిలో నిలిచిపోతుంది, ఎలుక నేర్చుకున్న దారిని మరచిపోవడం మొదలవుతుంది. మందులు వాడుతున్న మనిషి పరిస్థితికి ఇంత దగ్గరగా వచ్చిన ఎలుక మరొకటి లేదనిపిస్తుంది. తొడుగు మార్చినందువల్ల జీపీ120 చేసే నష్టం మాత్రం ఇందులో ఉండదు.

మూడోది మనకు అన్నిటికన్నా దగ్గరిది, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం. రోగనిరోధక శక్తి లేని స్కిడ్ ఎలుక పరాయి కణాలను తిప్పికొట్టలేదు. మనిషి రక్తం నుంచి మాక్రోఫేజ్‌లు పెంచి, వాటికి హెచ్‌ఐవీ సోకించి, నేరుగా ఆ ఎలుక మెదడులోకి ఎక్కిస్తారు. హెచ్‌ఐవీలో చాలా ఉపరకాలున్నాయి. అమెరికా, యూరప్‌లలో బి రకం ఎక్కువ. మన దేశంలో 90 శాతానికి పైగా సి రకమే. నమూనాలు కట్టిన ప్రయోగశాలలు ఎక్కువగా అమెరికావి, అందుకే వాటిలో ఎక్కువ భాగం బి రకంతోనే నడిచాయి. ఇదిలా ఉండగా మన దేశంలో డిమెన్షియా స్థాయి జబ్బు చాలా అరుదుగా కనబడుతోందని వైద్యులు గమనించారు. ఎందుకు?

2004లో బెంగళూరులోని జవాహర్‌లాల్ నెహ్రూ అడ్వాన్స్‌డ్ సైంటిఫిక్ రీసెర్చ్ కేంద్రంలో ఉదయ్‌కుమార్ రంగ బృందం ఒక కారణం సూచించింది. బి రకం టాట్‌లో 30, 31 స్థానాల్లో సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు రెండు పక్కపక్కన ఉంటాయి. మన సి రకంలో 31వ స్థానంలో సిస్టీన్‌కు బదులు సెరిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంటుంది. ఆ ఒక్క మార్పుతో మోనోసైట్లను తనవైపు లాగే శక్తి టాట్‌కు తగ్గిపోయింది. మెదడులోకి వచ్చే కణాలు తగ్గితే నష్టం కూడా తగ్గాలి. 2008లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాల బృందం దీన్ని స్కిడ్ ఎలుకల్లో పరీక్షించింది. కొన్నిటికి బి రకం వైరస్, కొన్నిటికి భారతదేశం నుంచి తీసిన ఇండీ-సీ1 అనే సి రకం వైరస్. తర్వాత ఎలుకలను నీటితో నింపిన, అనేక చేతులున్న చక్రవ్యూహంలో వదిలారు. నీటి అడుగున ఒక చేతిలో దాగి ఉన్న మెట్టు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని ఈదాలి. తప్పుడు చేతిలోకి వెళ్లిన ప్రతిసారీ ఒక తప్పు లెక్క. బి రకం ఎక్కించిన ఎలుకలు ఎక్కువ తప్పులు చేశాయి. వాటి మెదడులో నష్టం కూడా ఎక్కువే.

చక్కగా ముడి వీడింది. మన వైరస్ మెదడు విషయంలో మెతక అని ఒక మాట ప్రచారంలోకి వచ్చింది. కానీ 2007లోనే దక్షిణ భారతంలో సి రకం సోకిన పెద్దవారికి వివరమైన మానసిక పరీక్షలు పెట్టినప్పుడు, రోజువారీ పనులకు పెద్ద ఇబ్బంది లేనివారిలోనే సగానికి పైగా మందిలో స్వల్ప లేదా మధ్యస్థ లోపాలు తేలాయి. ఎలుక అబద్ధం చెప్పిందా? లేదు. ఎలుకను అడిగింది కొద్ది వారాల్లో, మందులు లేకుండా, తీవ్రమైన వాపులో ఏ వైరస్ ఎక్కువ నష్టం చేస్తుందని. దక్షిణ భారతపు పరీక్షలు అడిగింది ఏళ్ల తరబడి వైరస్‌తో బతికినవారిలో సన్నని లోపం ఉందా అని. రెండు ప్రశ్నలకు రెండు జవాబులు వచ్చాయి. ఒకదాని జవాబు తీసుకుని రెండోదాన్ని కొట్టేయడమే తప్పు. 2013లో మరో మెలిక పడింది. దక్షిణాఫ్రికా ప్రాంతపు సి రకం వైరస్‌లలో కొన్నిటికి బి రకంలా రెండు సిస్టీన్లూ ఉన్నాయని, అవి ఎలుక మెదడుకు ఎక్కువ హాని చేస్తున్నాయని తేలింది. కాబట్టి సి రకం అంతా ఒకటి అనుకోవడం కూడా కుదరదు.

కోతుల గురించి క్లుప్తంగా. మన వైపు మక్కచేలను పాడుచేసే కోతుల్లో ఉన్న రీసస్ జాతే హెచ్‌ఐవీ పరిశోధనలో ముఖ్యమైన జంతువు. మన దేశం 1978లో కోతుల ఎగుమతిని నిషేధించింది. అంతకుముందు వెళ్లిన వాటి సంతతే అమెరికా కేంద్రాల్లో "భారతీయ మూలం" రీసస్ పేరుతో పెరుగుతోంది. వాటికి హెచ్‌ఐవీకి బంధువైన ఎస్‌ఐవీ సోకిస్తారు. చైనా మూలం కోతుల్లో కన్నా వీటిలో జబ్బు త్వరగా ముదురుతుంది. జాన్స్ హాప్కిన్స్‌లో పంది తోక లాంటి తోక ఉండే మకాక్‌లకు రెండు ఎస్‌ఐవీ రకాలను కలిపి ఎక్కిస్తే సుమారు మూడు నెలల్లో చాలావాటికి మెదడువాపు వస్తుంది. ఆ నమూనాలోనే 2005లో మినోసైక్లిన్ అనే చవకైన యాంటీబయోటిక్ మెదడువాపును బాగా తగ్గించింది. అందరిలో ఆశ పుట్టింది. మనుషుల మీద అమెరికాలో, ఉగాండాలో పరీక్షిస్తే ఆలోచనా శక్తిలో మెరుగుదల రాలేదు. కోతులకు మందు మొదలుపెట్టింది వైరస్ సోకిన తొలి వారాల్లో, నష్టం జరగకముందు. మనుషులకు ఇచ్చింది నష్టం జరిగి ఏళ్లయ్యాక. మందు పనిచేస్తుందా అని అడిగారు గానీ, ఎప్పుడు ఇస్తే పనిచేస్తుందని అడగడం మరిచారు.

చివరికి మనిషి మెదడే సాక్ష్యం చెప్పాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి మానవ మెదడు బ్యాంకు ఉంది. అమెరికాలో ప్రాణాంతక జబ్బుతో ఉన్న హెచ్‌ఐవీ బాధితులు కొందరు తాము పోయిన కొద్ది గంటల్లోనే శరీర కణజాలం తీసుకోవడానికి ముందే ఒప్పుకుంటున్నారు. అలా వచ్చిన మెదళ్ల నుంచి మైక్రోగ్లియాను వేరుచేసి చూసినవారు, ఏళ్లపాటు మందులు సక్రమంగా వాడినవారిలో కూడా మళ్లీ పెరగగల వైరస్ వాటిలో ఉందని 2023లో చూపించారు. వ్యూహాలు పన్ని కట్టిన ఎలుకలన్నీ ఊహించిన విషయానికి మనుషుల నుంచి వచ్చిన రుజువు ఇది.

ఇప్పుడు మన మనిషి దగ్గరకు వద్దాం. ఏ నమూనాలోనూ లేనివి అతని దగ్గర చాలా ఉన్నాయి. మొదటిది కాలం. ప్రయోగపు ఎలుకకు వైరస్‌తో బతికేది కొన్ని వారాలు, కోతికి కొన్ని నెలలు. అతనికి రెండు దశాబ్దాలు. ప్రభుత్వం ఉచిత మందులు మొదలుపెట్టిన 2004 నాటికి సీడీ4 బాగా పడిపోయినవారికే చికిత్స ఇచ్చేవారు. పరీక్షలో తేలిన ప్రతివారికీ వెంటనే మందులు ఇవ్వడం 2017లో వచ్చింది. సీడీ4 ఎంత కిందికి పడిందన్నది తర్వాతి కాలంలో మెదడు లోపాన్ని సూచించే బలమైన గుర్తు. పాతకాలపువారు ఆ మచ్చను మోస్తున్నారు.

రెండోది, ఇతర జబ్బులు. మన దగ్గర హెచ్‌ఐవీ ఉన్న మనిషి తికమకగా మాట్లాడితే వైద్యుడు మొదట అనుమానించేది టీబీ మెనింజైటిస్, క్రిప్టోకాకస్, టాక్సోప్లాస్మా లాంటి మెదడుకు సోకే ఇన్ఫెక్షన్లను. శుభ్రమైన పంజరంలో పెరిగిన ఎలుకకు ఇవేవీ ఉండవు. మూడోది కల్లు. అమెరికా ప్రయోగశాలల్లో హెచ్‌ఐవీతో పాటు మెథాంఫెటమిన్, మార్ఫిన్ లాంటి మత్తుపదార్థాలు ఇచ్చిన ఎలుకల మీద పనులు కుప్పలుగా ఉన్నాయి, ఎందుకంటే అక్కడి సమస్య అది. తెలంగాణ పల్లెల్లో సమస్య ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు. అవి జ్ఞాపకశక్తిని మొద్దుబారుస్తాయి, హఠాత్తుగా మానేస్తే మనిషిని వెర్రెత్తిస్తాయి. మతిమరుపు అని వచ్చిన మనిషిని సాయంత్రం ఏం తాగుతావని అడగకుండా వైరస్‌ను నిందించడం తొందరపాటే. నాకు తెలిసినంతలో ఏ ఎలుక నమూనాకూ కల్తీ కల్లు పోయలేదు.

మరొకటి చదువు. కాగితం, పెన్సిల్ పరీక్షలు బడికి వెళ్లనివారిని అన్యాయంగా తక్కువ చేస్తాయి. అందుకే చేతులతో చేసే చిన్న పరీక్ష ఒకటి 2005లో తయారైంది. ముందు నాలుగు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంటారు. తర్వాత పని ఎక్కువ చేయని చేతి బొటనవేలు, చూపుడువేలు వీలైనంత వెడల్పుగా, వేగంగా కలిపి విప్పమంటారు, అయిదు సెకన్లలో ఎన్నిసార్లో లెక్కపెడతారు. ఆపై అదే చేతిని బల్ల మీద పిడికిలిగా, తర్వాత అరచేయి బోర్లా, తర్వాత చిటికెనవేలి అంచు మీద నిలువుగా పెట్టమంటారు. పది సెకన్లలో ఈ మూడింటినీ వరుస తప్పకుండా ఎన్నిసార్లు చేశారన్నది చూస్తారు. చివర మొదటి నాలుగు మాటలు అడుగుతారు. మొత్తం 12 మార్కులు. 10 లేదా అంతకన్నా తక్కువ వస్తే వివరంగా పరీక్షించాలని అర్థం. జబ్బు ఉందని తేల్చినట్టు కాదు. ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు, కొద్ది నిమిషాలు చాలు.

మార్కు తక్కువ వస్తే తర్వాతి పని జాబితాలో బీ12, థైరాయిడ్, దిగులు, నిద్ర, కల్లు, వేసుకుంటున్న ఇతర మాత్రలు అన్నీ ఉండాలి. అవసరమైతే వెన్నునీటి పరీక్ష కూడా. అరుదుగా కొందరిలో రక్తంలో కనబడని వైరస్ వెన్నునీటిలో దొరుకుతుంది. అది గుర్తిస్తే మందుల కలయిక మార్చి చక్కదిద్దే వీలుంటుంది. ఈలోగా మాత్రలు మానేయడం మాత్రం అన్ని నమూనాలూ, అన్ని మనిషి మెదళ్లూ కలిసి చెప్పిన ఒకే ఒక్క తప్పు. మానేసిన కొన్ని వారాల్లోనే వైరస్ రక్తంలో తిరిగి పెరుగుతుంది, మెదడుకు కొత్త దాడి మొదలవుతుంది.

మనకు పనికొచ్చే నమూనా కట్టాలంటే కోతి అక్కర్లేదు. మన ప్రాంతపు మనిషి రక్తం కొంచెం తీసుకుని మూలకణాలుగా మార్చి, వాటి నుంచి మైక్రోగ్లియా, న్యూరాన్లు పెంచవచ్చు. ఇక్కడి సి రకం వైరస్ సోకించి, పైన డోల్యుటెగ్రావిర్ ఇచ్చి, వైరస్‌ను అణచిపెట్టి నెలల తరబడి ఉంచి, కొన్ని పళ్లెల్లో ఆల్ప్రాజోలం కూడా వేసి, చావును కాక సినాప్సులను లెక్కపెట్టవచ్చు. దీనికి కావలసిన విద్యలన్నీ విడివిడిగా దేశంలో ఉన్నాయి. బీఎస్‌ఎల్-3 ప్రయోగశాల కావాలి, నాలుగైదేళ్లు ఆగగల నిధులు కావాలి, రక్తం ఇచ్చే మనిషి పేరు బయటపడదన్న భరోసా కావాలి. చివరిదానికి 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఉంది, అది 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. మిగతా రెండింటికీ ఎవరో ఒకరు దరఖాస్తు రాయాలి.